లొకేషన్ సర్వర్ మూతపడింది సరే, మీ మిషన్లు గుణుపురంలోనే ఉన్నాయి కదా

నమస్కారం మాస్టారూ. మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. కొత్తగా వచ్చేవాళ్లకి కూడా తెలియాలి కాబట్టి ముందు క్లుప్తంగా చెప్తాను. ఒడిశాలోని గుణుపురంలో మీ కంప్యూటర్ సెంటర్‌లో ఆరు మిషన్లున్నాయి. నాలుగింట్లో ఉబుంటు, ఒకదాంట్లో మింట్ (రెండూ లైనక్స్ రకాలే), ఇంకొకదాంట్లో విండోస్. ఇదివరకు పొద్దుగుంకగానే తెర దానంతటదే పసుపురంగుకి మారేది. ఇప్పుడు పాత ఉబుంటు రెండూ బాగానే ఉన్నాయి. ఈమధ్య ఓఎస్ కొత్తగా ఎక్కించిన రెండిట్లో మాత్రం రోజూ కచ్చితంగా రాత్రి 8కే మారుతోంది. మింట్‌లో తెర రంగు మార్చే రెడ్‌షిఫ్ట్ అనే ప్రోగ్రాం 'లొకేషన్ అందేదాకా ఆగుతున్నాను' అన్న అర్థం వచ్చే ముక్క చూపించి అక్కడే కూర్చుంటోంది. ఎవరో అన్నిట్లోనూ ఓఎస్ మళ్లీ ఎక్కించెయ్యమన్నారట.

ఆ పని మాత్రం చెయ్యకండి. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు, ఇప్పుడు బాగున్న ఆ పాత రెండూ కూడా చెడతాయి. ఎందుకో కింద చెప్తాను.

అసలు జరిగిందేంటంటే, లైనక్స్ డెస్క్‌టాప్‌లో లొకేషన్ అడిగే ప్రోగ్రాములన్నీ దాదాపుగా జియోక్లూ అనే ఒక్క సర్వీసు దగ్గరకే వెళ్తాయి. జియోక్లూకి సొంతంగా ఏమీ తెలీదు. చుట్టూ ఏయే వైఫై రౌటర్లు వినబడుతున్నాయో చూసి, వాటి హార్డ్‌వేర్ అడ్రసులు, సిగ్నల్ ఎంత గట్టిగా ఉందీ ఒక చిట్టా రాసి ఇంటర్నెట్‌లో ఒక సర్వర్‌కి పంపుతుంది. ఆ సర్వర్ తన ఖాతాలో వెతికి 'నువ్వు ఫలానా అక్షాంశం, ఫలానా రేఖాంశం దగ్గరున్నావు, ఇన్ని మీటర్లు అటూఇటూ' అని జవాబిస్తుంది. ఏళ్ల తరబడి ఆ సర్వర్ మొజిల్లా (ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్ వాళ్లు) లొకేషన్ సర్వీస్. 2013లో మొదలైంది. జనం ఫోన్లు పట్టుకుని వీధులు తిరిగి పోగుచేసిన డేటా అది.

2019లో స్కైహుక్ అనే కంపెనీ పేటెంట్ల గొడవ తెచ్చింది. కోర్టుదాకా పోకుండా ఒప్పందమైతే కుదిరిందిగానీ, దానికోసం మొజిల్లా వాడకం మీద షరతులు పెట్టాల్సొచ్చింది. అప్పట్నుంచీ డేటా పలచబడుతూ వచ్చింది. 2024 మార్చిలో 'ఇక మూసేస్తున్నాం' అని ప్రకటించారు. ఆ నెల్లోనే కొత్త కీలు (సర్వర్‌ని అడగడానికి ప్రోగ్రాములకిచ్చే అనుమతి కోడ్‌లు) ఇవ్వడం ఆపారు, కొత్త డేటా తీసుకోవడమూ ఆపారు. ఏప్రిల్లో సెల్ టవర్ల డేటా డౌన్‌లోడ్లు తీసేశారు. 2024 జూన్ 12 నుంచి బయటివాళ్ల కీలేవీ పనిచెయ్యలేదు. మీ మిషన్లో ఏదీ పాడవ్వలేదు. అటువైపు ఫోన్ ఎత్తేవాడు లేడు, అంతే.

మరి పాత రెండూ ఎందుకు బాగున్నాయి? ఇది నాకు తెలిసిన చిన్న ముచ్చట్లలో బాగా ఇష్టమైనది. ఉబుంటు వాడే డెస్క్‌టాప్ గ్నోమ్. అందులో రాత్రిపూట తెరని పసుపు చేసే నైట్ లైట్ తనకి ఆఖరుసారి దొరికిన అక్షాంశ రేఖాంశాలని ఒక సెట్టింగ్‌లో దాచుకుంటుంది. లోపలి సెట్టింగ్‌లు చూపించే డీకాన్ఫ్ ఎడిటర్ ఇన్‌స్టాల్ చేసుకుని ఆర్గ్, గ్నోమ్, సెట్టింగ్స్ డీమన్, ప్లగిన్స్, కలర్ అని లోపలికెళ్తే 'నైట్ లైట్ లాస్ట్ కోఆర్డినేట్స్' అన్న పేరుతో కనిపిస్తుంది. కొత్తగా ఎక్కించిన మిషన్లో చూడండి, అక్కడ 91, 181 అని ఉంటుంది. భూమ్మీద అక్షాంశం 90 దగ్గర, రేఖాంశం 180 దగ్గర ఆగిపోతాయి. అంటే కావాలనే లేని చోటు రాసిపెట్టారు, 'ఇంకా నాకేమీ తెలీదు' అని గుర్తు. చోటు తెలియనప్పుడు నైట్ లైట్ సూర్యుణ్ణి వదిలేసి, చేత్తో పెట్టే టైమింగ్‌కి వెళ్లిపోతుంది. ఆ టైమింగ్ ఎవరూ మార్చకపోతే రాత్రి 8 నుంచి పొద్దున్న 6. మీకు కచ్చితంగా 8కి రావడంలో రహస్యం ఇదే. పాత రెండిట్లో సర్వర్ బతికున్నప్పుడు దొరికిన అంకెలు ఇంకా ఉన్నాయి, వాటితోనే బండి నడుస్తోంది. ఓఎస్ మళ్లీ ఎక్కిస్తే అవి చెరిగిపోయి 91, 181 వచ్చి కూర్చుంటాయి.

ఇక్కడ నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మేజా మీద కూర్చున్న డెస్క్‌టాప్ తానెక్కడుందో ఎవర్నీ అడగక్కర్లేదు. మీ సెంటర్ గుణుపురం దాటి ఎక్కడికీ పోదు. ఆ మాట ఒక్కసారి మీరే దానికి చెప్పెయ్యండి. ఆ తర్వాత ఏ సర్వర్ మూతపడినా మీకు తెలియను కూడా తెలీదు. లాప్‌టాప్ సంగతి వేరు, దాని దగ్గరికి తర్వాత వస్తాను.

ఉబుంటు 24.04 ఉన్నవాటికి పద్ధతి ఇది. జియోక్లూలో 2.7 నుంచి స్టాటిక్ సోర్స్ అని ఒకటి వచ్చింది, మనం రాసిపెట్టిన చోటునే చెప్పేది. 24.04లో అది ఉంది. రూట్ (మిషన్ అడ్మిన్) హక్కులతో ఈటీసీ ఫోల్డర్‌లో 'జియోలొకేషన్' అన్న పేరుతో (ఇంగ్లీషు చిన్నక్షరాల్లో, చివర ఏ ఎక్స్‌టెన్షనూ లేకుండా) ఒక మామూలు టెక్స్ట్ ఫైల్ పెట్టండి. అందులో నాలుగే నాలుగు లైన్లు. మీ ఊరికైతే ఇలా ఉంటుంది:

19.08
83.82
80
2000

మొదటిది అక్షాంశం, రెండోది రేఖాంశం, మూడోది సముద్రమట్టం నుంచి ఎత్తు మీటర్లలో, నాలుగోది ఎంత అటూఇటూ అన్నది మీటర్లలో. ఎత్తు నేను ఉరామరిగ్గా వేశాను, తప్పినా నైట్ లైట్‌కి పట్టదు. నాలుగో లైన్లో కావాలనే 2000 అని రాశాను. సూర్యాస్తమయం లెక్కకి రెండు కిలోమీటర్లు లెక్కలోకే రావు. మీ సెంటర్ గుమ్మందాకా కచ్చితంగా ప్రతి ప్రోగ్రాముకీ చెప్పాల్సిన పనీ లేదు.

తర్వాత ఈటీసీలోనే జియోక్లూ ఫోల్డర్‌లో ఉన్న కాన్ఫ్ ఫైల్ (సెట్టింగ్‌ల ఫైల్) తెరిచి, స్టాటిక్ సోర్స్ అన్న విభాగం కింద 'ఎనేబుల్' ట్రూ అని ఉందో లేదో చూడండి. వైఫై విభాగం కింద ఎనేబుల్‌ని ఫాల్స్ చెయ్యండి. లేకపోతే అప్పుడప్పుడు రెండు జవాబులొచ్చి ఏది నమ్మాలో దానికి తెలీదు. కాన్ఫ్ డాట్ డీ అనే ఫోల్డర్ ఉంటే, ఈ మార్పులు అందులో వేరే ఫైల్‌గా రాసుకోవడం మేలు. ప్యాకేజీ అప్‌డేట్ వచ్చినప్పుడు 'పాత ఫైల్ ఉంచాలా, కొత్తది పెట్టాలా' అని అడగదు. అంతా అయ్యాక జియోక్లూ సర్వీసు రీస్టార్ట్ చెయ్యండి, మిషనే రీస్టార్ట్ చేసినా పర్లేదు. గ్నోమ్ సెట్టింగ్స్‌లో ప్రైవసీ కింద లొకేషన్ సర్వీసెస్ మాత్రం ఆన్‌లోనే ఉండాలి. అది ఆపేస్తే మీరు రాసిపెట్టిన ఊరు కూడా బయటికి రాదు.

నేను చేసిన తప్పు మీరు చెయ్యకండి. ఆ ఫైల్‌ని వేరేవాళ్లు చదవకుండా పర్మిషన్ 600 పెట్టమని ఎక్కడో చదివి, పర్లాకిమిడిలో ఒక షాపు మిషన్లో అలాగే పెట్టాను. ఫైల్ ఓనర్ రూట్. జియోక్లూ సర్వీసు నడిచేది జియోక్లూ అనే వేరే యూజర్ పేరుమీద. దానికి ఫైల్ తెరిచే హక్కే లేదు. అరగంట కాన్ఫ్ ఫైల్ పట్టుకుని కుస్తీ పట్టాను, షాపాయన రెండు టీలు కూడా తెప్పించాడు. 600 పెట్టాలంటే ఓనర్‌ని జియోక్లూ యూజర్‌కి మార్చాలి. అంత రహస్యమేమీ లేదనుకుంటే 644తో (అందరూ చదవగలిగేలా) వదిలెయ్యండి.

పని అయిందో లేదో చూడ్డానికి జియోక్లూ డెమో ప్యాకేజీలో 'వేర్ యామ్ ఐ' అనే బుల్లి ప్రోగ్రాం ఉంది. టెర్మినల్లో నడిపితే అక్షాంశం, రేఖాంశం, ఎంత అటూఇటూ అన్నది చెప్తుంది. 19.08, 83.82 కనిపిస్తే అయిపోయినట్టే.

మీ నాలుగింట్లో 22.04 ఏదైనా ఉంటే అక్కడ జియోక్లూ 2.5 రకం, స్టాటిక్ సోర్స్ లేదు. ఫైల్ పెట్టినా పట్టించుకోదు. దానికి అడ్డదారి పైన చెప్పిన డీకాన్ఫ్ ఎడిటరే. ఆ లాస్ట్ కోఆర్డినేట్స్‌లో 91, 181 తీసేసి 19.08, 83.82 రాయండి. నైట్ లైట్ ఆ క్షణం నుంచి మీ ఊరి సూర్యుణ్ణి పట్టుకుంటుంది. ఇది నైట్ లైట్‌కి మాత్రమే పనికొస్తుంది, వాతావరణం యాప్‌కీ మిగతావాటికీ కాదు. యూజర్ ఎకౌంట్ మారితే మళ్లీ రాయాలి. పిల్లలకి వేరే లాగిన్లు ఇచ్చి ఉంటే గుర్తుంచుకోండి.

మింట్‌లో రెడ్‌షిఫ్ట్ పని ఇంకా తేలిక. హోమ్ ఫోల్డర్‌లో దాచిన కాన్ఫిగ్ ఫోల్డర్ లోపల రెడ్‌షిఫ్ట్ డాట్ కాన్ఫ్ తెరవండి, లేకపోతే కొత్తగా సృష్టించండి. రెడ్‌షిఫ్ట్ విభాగంలో లొకేషన్ ప్రొవైడర్‌ని 'మాన్యువల్' చెయ్యండి. మాన్యువల్ అనే విభాగం రాసి 'ల్యాట్', 'లాన్' అన్న రెండు లైన్లలో అవే అంకెలు పెట్టండి. ఎదురుచూపులు అక్కడితో సరి. కేడీఈ అనే ఇంకో డెస్క్‌టాప్ వాడేవాళ్లకైతే సెట్టింగ్స్‌లోనే చేత్తో అక్షాంశం రాసే గడి ఉంటుంది.

విండోస్ మిషన్‌కి మొజిల్లా గొడవతో సంబంధం లేదు, దాని సర్వర్ దానికుంది. కానీ మీది కేబుల్ మీద నడిచే, వైఫై కార్డు లేని డెస్క్‌టాప్ కాబట్టి అదీ గుడ్డిగా ఊహించేదే. నైట్ లైట్‌లో 'సూర్యాస్తమయం నుంచి' అన్నది వదిలేసి గంటలు మీరే పెట్టండి. టైమ్‌జోన్ ఆటోమేటిక్ తీసేసి చెన్నై, కోల్‌కతా, ముంబై, న్యూఢిల్లీ అని ఉన్న లైన్ ఎంచుకోండి.

కేబుల్ మాట వచ్చింది కాబట్టి దీన్ని కాస్త విప్పి చెప్పాలి, మన ప్రాంతంలో అసలు ఇబ్బంది ఇక్కడే ఉంది. వైఫై కార్డు లేని మిషన్ దగ్గర సర్వర్‌కి పంపడానికి చిట్టాయే ఉండదు. అప్పుడు సర్వర్ మీ ఐపీ అడ్రస్ చూసి ఊరు ఊహిస్తుంది. ఐపీ అడ్రస్ చెప్పేది మీ ఊరు కాదు, మీ నెట్ కంపెనీ లైన్ ఎక్కడ బయటికొస్తోందో ఆ ఊరు. మా పర్లాకిమిడిలో మా ఇంట్లోనే ఒక కనెక్షన్‌కి భువనేశ్వర్ వస్తుంది, ఇంకో కనెక్షన్‌కి కోల్‌కతా వస్తుంది, ఫోన్ హాట్‌స్పాట్ పెడితే ఒక్కోసారి విశాఖపట్నం వస్తుంది. మహేంద్రతనయ దాటితే పాతపట్నం, అక్కడి టవర్ మా మేడమీదికి బాగా అందుతుంది మరి. 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు మా పర్లాకిమిడి గంజాంతోపాటూ, మీ గుణుపురం విశాఖపట్నం జిల్లాలోంచీ ఇటువైపు వచ్చేశాయి. ఐపీ అడ్రస్‌లకి ఆ కబురు ఇంకా సరిగ్గా అందినట్టు లేదు.

ఊరు తప్పితే ఏమవుతుంది అంటారా, లెక్క కట్టి చూపిస్తాను. భూమి ఒక డిగ్రీ రేఖాంశం తిరగడానికి 4 నిమిషాలు పడుతుంది. మీ గుణుపురం 83.82, ముంబై 72.87. తేడా దాదాపు 11 డిగ్రీలు, అంటే 44 నిమిషాలు. తమాషా ఏమిటంటే రెండూ ఇంచుమించు ఒకే అక్షాంశం మీద, 19.08 దగ్గర ఉన్నాయి. కాబట్టి ఎండాకాలమైనా చలికాలమైనా ఆ తేడా మారదు. మీ మిషన్ ముంబైలో ఉన్నాననుకుంటే, కార్తీకమాసంలో మీ దగ్గర ఐదుంపావుకి పొద్దుగుంకితే తెర ఆరు కావస్తుండగా మారుతుంది. కోల్‌కతా అనుకుంటే రేఖాంశం లెక్కన అటు దాదాపు 18 నిమిషాలు ముందే మారిపోతుంది, అక్షాంశం కూడా వేరు కాబట్టి కాలాన్ని బట్టి అది కాస్త అటూఇటూ అవుతుంది. మన గడియారమంతా 82.5 డిగ్రీల రేఖ మీద నడుస్తుంది. ఆ రేఖ కొరాపుట్ జిల్లా జయపురానికి కొంచెం పడమటగా పోతుంది. కాబట్టి కొరాపుట్ వైపువాళ్లకి గడియారంలో మధ్యాహ్నం, నెత్తిమీద మధ్యాహ్నం దాదాపు కలుస్తాయి. అటు నాందేడ్, ధర్మాబాద్ వైపు ఉన్న మన తెలుగువాళ్లకి సూర్యుడు 20 నిమిషాలు వెనకబడి ఉంటాడు. ఒకే టైమ్‌జోన్ ఉన్న దేశంలో ఇంత తేడా ఉంది కాబట్టే నైట్ లైట్‌కి ఊరు కావాలి, టైమ్‌జోన్ చాలదు.

టైమ్‌జోన్ సంగతి మాత్రం తలకిందులు. దానికి ఊరు అసలు అక్కర్లేదు. దేశమంతా ఒకటే జోన్ అయినప్పుడు ఆటోమేటిక్ టైమ్‌జోన్ ఆన్‌లో ఉంచడం వల్ల వచ్చేది తలనొప్పే. మా దగ్గర ఒక హోల్‌సేల్ కిరాణా షాపులో బిల్లింగ్ మిషన్ ఉంది. వాళ్లబ్బాయి ఏదో పనికి వీపీఎన్ పెట్టాడు, అది సింగపూర్‌లో బయటికొచ్చింది. మిషన్‌కి వైఫై లేదు, ఐపీ ఒక్కటే ఆధారం. టైమ్‌జోన్ దానంతటదే సింగపూర్‌కి మారిపోయింది, గడియారం రెండున్నర గంటలు ముందుకెళ్లింది. పగలు ఎవరూ గమనించలేదు. రాత్రి తొమ్మిదిన్నర దాటాక కొట్టిన బిల్లులన్నీ మర్నాటి తేదీతో పడ్డాయి. నెలాఖరు రోజు అది. మర్నాడు ఆయన బిల్లుల కట్ట పట్టుకొచ్చి నా మేజా మీద పెట్టి, 'ఇవి ఏ నెల్లో రాయమంటావు' అని అడిగాడు. గ్నోమ్‌లో తేదీ, సమయం దగ్గర ఆటోమేటిక్ టైమ్‌జోన్ ఒక్కటి ఆపి, ఏషియా కోల్‌కతా పెట్టండి. సమయాన్ని ఇంటర్నెట్ నుంచి సరిచేసుకోవడం అన్నది వేరే సంగతి, దాన్ని ఆపకండి. రెండిటికీ పక్కపక్కనే స్విచ్‌లు ఉంటాయి, చాలామంది రెండోదాన్ని ఆపేసి సీమాస్ బ్యాటరీ (మిషన్ ఆపినా గడియారాన్ని నడిపేది) అయిపోయిన రోజున ఏడుస్తారు.

ఇక లాప్‌టాప్. మీ తమ్ముడిగారి లాప్‌టాప్ రోజూ నౌపడ నుంచి గుణుపురం రైల్లో తిరుగుతుందన్నారు. దానికి రాసిపెట్టిన ఊరు కుదరదు, ఎవరో ఒకర్ని అడగాల్సిందే. మొజిల్లా పోయాక ఆ ఖాళీలోకి వచ్చింది బీకన్‌డీబీ. అదే పద్ధతిలో ప్రశ్న తీసుకుని అదే పద్ధతిలో జవాబిస్తుంది కాబట్టి జియోక్లూలో అడ్రస్ ఒక్కటి మారిస్తే చాలు. కొత్త జియోక్లూలో అదే వస్తోంది. పాతదైతే కాన్ఫ్ ఫైల్‌లో వైఫై విభాగం కింద యూఆర్ఎల్ అన్న లైన్ చూడండి. ముందు హాష్ గుర్తు ఉన్న లైన్‌ని చూసి మోసపోకండి, అది వ్యాఖ్య మాత్రమే, అసలు అడ్రస్ ప్రోగ్రాం కడుపులోనే ఉంటుంది. హాష్ లేకుండా కొత్త లైన్ రాసి, ఏపీఐ డాట్ బీకన్‌డీబీ డాట్ నెట్, స్లాష్ వీ1, స్లాష్ జియోలొకేట్ అని పెట్టాలి, ముందు హెచ్‌టీటీపీఎస్ ఉండాలి.

గూగుల్ సర్వీసు కూడా పెట్టుకోవచ్చు, కీ కావాలి, బిల్లింగ్ ఎకౌంట్ తెరవాలి. కచ్చితత్వం బాగుంటుంది. కానీ తెర రంగు మారడానికి కార్డు నంబరిచ్చి, వీధిలో ఉన్న రౌటర్ల చిట్టా రోజంతా పంపుతూ కూర్చోవడం నాకు నచ్చదు. గోటితో పోయేదానికి గొడ్డలి అనవసరం.

బీకన్‌డీబీలో ఒక చిక్కుంది. అది కూడా జనం పోగుచేసిందే, తిరిగినవాళ్లు లేనిచోట ఖాళీ. మన వైపు తిరిగినవాళ్లెవరు? ఫోన్‌లో ఎఫ్-డ్రాయిడ్ అనే యాప్ స్టోర్ నుంచి నియోస్టంబ్లర్ (చుట్టూ ఉన్న రౌటర్లని నమోదు చేసే యాప్) వేసుకుని, జీపీఎస్ ఆన్ చేసి నేను ఒక ఆదివారం బండి మీద కాశీనగర్ మీదుగా గుణుపురందాకా వచ్చాను. పోగైంది అప్‌లోడ్ చేశాక, కొన్నాళ్లకి మా బజారులో లాప్‌టాప్ భువనేశ్వర్ అనడం మానేసి మా వీధి పేరు పట్టుకుంది. మీరు కూడా మీ బజారు, బస్టాండు, స్టేషన్ ఒక్కసారి చుట్టేస్తే మీ తమ్ముడిగారికి పని జరుగుతుంది. దారిలో రైలు నడిచేచోట పొలాలే ఎక్కువ, రౌటర్లుండవు, అక్కడ మళ్లీ ఐపీ ఊహే. ఫోన్ హాట్‌స్పాట్ ఒక్కటే పట్టుకుని కూర్చున్నా అంతే. హాట్‌స్పాట్ మనిషితో పాటు తిరుగుతుంది, దాన్ని బట్టి చోటు చెప్పడం ఎవరివల్లా కాదు. తన రౌటర్ ఎవరి ఖాతాలోనూ చేరకూడదు అనుకునేవాళ్లుంటే నెట్‌వర్క్ పేరు చివర అండర్‌స్కోర్, నోమ్యాప్ అని తగిలిస్తే చాలు, వదిలేస్తారు.

ఒకటి అడగడం మర్చిపోయాను. ఆ పాత రెండు ఉబుంటుల్లో డీకాన్ఫ్ ఎడిటర్ తెరిచి లాస్ట్ కోఆర్డినేట్స్‌లో ఏ అంకెలున్నాయో చూసి ఇక్కడ రాయండి. సరిగ్గా 19.08 పక్కన ఉంటే ముట్టుకోకండి. 22.5, 88.3 దగ్గర్లో కనిపిస్తే అవి ఇన్నాళ్లూ కోల్‌కతా పొద్దుతోనే నడిచాయన్నమాట, వాటిని కూడా మార్చెయ్యండి.